కిరీటం నుంచి మూడు సింహాల దాకా: మాజీ సైనికుల చిహ్నాలు చెప్పే చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన భారత సైనికుల తరం దాదాపు అంతరించింది. 1945లో యుద్ధం ముగిసేనాటికి 18 ఏళ్ల ప్రాయంలో ఉన్న యువకుడు నేడు జీవించి ఉంటే శతవసంతాల ముంగిట ఉంటాడు. ఆ తరం వెనుక మిగిల్చిపోయినది స్వల్పం. అటక మీది రేకు పెట్టెలో రంగు వెలసిన రిబ్బను, నల్లబడిన ఇత్తడి బ్యాడ్జీ, అంచులు చిరిగిన గుడ్డ ముక్క మీద ఏదో జంతువు బొమ్మ, గోడకు వేలాడే ఫొటో. డిశ్చార్జి పుస్తకాలను చెదలు తిన్నాయి. సర్వీసు నంబర్లు జ్ఞాపకంలో చెరిగిపోయాయి. తాత యుద్ధానికి వెళ్లాడని తెలిసిన మనుమలకు ఆయన ఏ దళంలో, ఏ సంవత్సరంలో, ఏ గడ్డ మీద పోరాడాడో తెలియదు.

ఈ ప్రశ్నలకు సమాధానం చాలా సందర్భాల్లో ఆ బ్యాడ్జీలోనే ఉంటుంది. కాకపోతే దాన్ని చదవడం తెలియాలి. బ్యాడ్జీ మీది కిరీటం ఆకారం, రెజిమెంటు పేరులోని ఒక అంకె, భుజం మీది గుర్తు, రిబ్బను రంగుల వరస, వీటిలో ప్రతి ఒక్కటీ ఒక తేదీని సూచిస్తుంది. తొందరపాటుగా చదివితే అదే బ్యాడ్జీ దారి తప్పిస్తుంది. 1965లో పోరాడినవాడిని 1941 నాటి యోధుడిగా, ఒక దళానికి చెందినవాడిని మరో దళం వాడిగా చూపుతుంది. చిహ్నం సాక్ష్యం కాదు, సాక్ష్యానికి దారి చూపే సూచిక మాత్రమే. ఈ తేడాను విస్మరించినందువల్లనే అనేక కుటుంబాల అన్వేషణ మొదట్లోనే పెడదారి పడుతోంది.

ఎందుకీ అన్వేషణ?

1939లో సుమారు 2 లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలను మించింది. నిర్బంధ సైనిక సేవ లేకుండా, స్వచ్ఛందంగా చేరినవారితోనే ఏర్పడిన సైన్యాల్లో ప్రపంచ చరిత్రలోనే ఇది అతి పెద్దదిగా పేరుపొందింది. యుద్ధానంతరం వీరిలో అత్యధికులను ఇళ్లకు పంపివేశారు. నిర్ణీత సర్వీసు పూర్తికానందున వారికి పింఛను అర్హత లేకపోయింది. కాలక్రమంలో రాష్ట్ర ప్రభుత్వాలు రెండో ప్రపంచ యుద్ధ సైనికులకు, వారి వితంతువులకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ద్వారా ఆర్థిక సహాయం అందించడం ప్రారంభించాయి. పింఛను లేని, 65 ఏళ్లు దాటిన నిరుపేద మాజీ సైనికులకు, వారి వితంతువులకు కేంద్రీయ సైనిక బోర్డు నెలవారీ సహాయం ఇస్తోంది. ఏ సహాయం పొందాలన్నా సేవ చేసినట్లు రికార్డు ఉండాలి. రికార్డు కావాలంటే అది ఎక్కడ ఉందో తెలియాలి. సైనికుల సేవా పత్రాలు రెజిమెంట్ల వారీగా ఆయా రికార్డు కార్యాలయాల్లో ఉంటాయి కనుక, మొదట రెజిమెంటు పేరు తేలితే తప్ప అడుగు ముందుకు పడదు.

మృతుల విషయంలోనూ ఇదే పరిస్థితి. ఆ యుద్ధంలో అవిభక్త భారతదేశానికి చెందిన సుమారు 87 వేల మంది సైనికులు ప్రాణాలు కోల్పోయారు. సమాధి కూడా దక్కని వారి పేర్లను స్మారక స్తంభాల మీద చెక్కారు. మయన్మార్‌లోని తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ స్మారకం మీదనే దాదాపు 27 వేల పేర్లున్నాయి. వీటిలో అధిక సంఖ్యాకులు భారత సైనికులు. ఆ పేర్లను రెజిమెంట్ల క్రమంలోనే అమర్చారు. ఒకే పేరు గల సైనికులు పదుల సంఖ్యలో ఉన్నచోట, ఏ రెజిమెంటు కింద వెదకాలో తెలియని కుటుంబానికి ఆ రాతిగోడ మూగదే.

తెలుగు నేలకు ఈ విషయం పరాయిది కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం తరతరాలుగా సైన్యానికి యువకులను పంపినందున ‘మిలిటరీ మాధవరం’గా పేరుపొందింది. కోస్తా, రాయలసీమ జిల్లాల నుంచి వేలాది మంది మద్రాస్ రెజిమెంటులోను, మద్రాస్ శాపర్స్ దళంలోను, వైద్య, రవాణా విభాగాల్లోను పనిచేశారు. వారి ఇళ్లలోని పెట్టెల్లో ఉన్నవి కూడా ఇవే చిహ్నాలు.

కిరీటమే తొలి గీటురాయి

బ్యాడ్జీ కాలాన్ని నిర్ణయించడంలో మొట్టమొదట చూడవలసినది దాని శిఖరాన ఏముందన్నది. బ్రిటిష్ పాలనలో సైనిక చిహ్నాల మీద రాజకిరీటం ఉండేది. విక్టోరియా రాణి మరణించిన 1901 వరకు ఒక ఆకారంలోని కిరీటం, ఆ తరువాత ‘ట్యూడర్ కిరీటం’గా పిలిచే మరో ఆకారం వాడుకలో ఉన్నాయి. ట్యూడర్ కిరీటం కమానులు ఇరువైపులా గుండ్రంగా పైకి లేచి ఉంటాయి. ఎడ్వర్డ్ 7, జార్జి 5, జార్జి 6 చక్రవర్తుల కాలమంతా ఇదే కొనసాగింది. రెండు ప్రపంచ యుద్ధాల నాటి భారత సైనిక బ్యాడ్జీల మీద కనిపించేది ఇదే.

1950 జనవరి 26న భారత్ గణతంత్ర రాజ్యమైంది. కిరీటం తొలగిపోయి, సారనాథ్ అశోక స్తంభం మీది సింహాలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. అధికారుల భుజాల మీది కిరీటం సైతం సింహ చిహ్నంగా మారింది. అందువల్ల కిరీటం ఉన్న భారత సైనిక బ్యాడ్జీ తయారీ 1950కి పూర్వానిదని, సింహాలున్నది ఆ తరువాతిదని స్థూలంగా చెప్పవచ్చు. అయితే ఆజ్ఞలు వెలువడిన మరుసటి రోజే ప్రతి సైనికుడి టోపీ మీది బ్యాడ్జీ మారిపోదు. పాత నిల్వలు అయిపోయేదాకా పాతవే నడిచిన సందర్భాలు ఏ సైన్యంలోనైనా ఉంటాయి. కనుక ఈ సంవత్సరాన్ని గోడగా కాక, గట్టుగా భావించాలి.

ఇక్కడే ఒక తార్కిక పరీక్ష కూడా సాధ్యమవుతుంది. ఎలిజబెత్ 2 పట్టాభిషేకం జరిగిన 1953 నుంచి బ్రిటిష్ చిహ్నాల మీద ‘సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం’ వచ్చింది. దాని కమానులు నడిమధ్యన లోపలికి కుంగి ఉంటాయి. అప్పటికే భారత్ గణతంత్ర రాజ్యమై మూడేళ్లు గడిచింది. కాబట్టి నడుమ కుంగిన కిరీటం గల బ్యాడ్జీని భారత సైనికుడెవ్వరూ తన సైన్యం తరఫున ధరించి ఉండే అవకాశం లేదు. అది బ్రిటిష్ సైన్యానిదో, ఆ సైన్యంలో కొనసాగిన గుర్ఖా దళాలదో, మరో కామన్వెల్త్ దేశానిదో అయి ఉండాలి. చార్లెస్ 3 రాజైన 2022 తరువాత బ్రిటన్ మళ్లీ ట్యూడర్ కిరీటాన్ని స్వీకరించడం ఈ రంగంలో కొత్త చిక్కు. నిన్న తయారైన బ్రిటిష్ బ్యాడ్జీ తొలి చూపులో 80 ఏళ్ల నాటిదిగా భ్రమ కలిగించవచ్చు. అటువంటప్పుడు లోహాన్ని పరిశీలించాలి. బ్రిటిష్ సైన్యం 1950వ దశకం నుంచి ఇత్తడికి బదులు మెరుగుపూత పూసిన అల్యూమినియం బ్యాడ్జీలను ప్రవేశపెట్టింది. తేలికగా, బంగారు రంగులో మెరిసే అటువంటి బ్యాడ్జీ రెండో ప్రపంచ యుద్ధం నాటిది కాజాలదు.

పేరు మారిన రెజిమెంట్లు

కిరీటం తరువాత చూడవలసినది పేరు, అంకె. 1922లో భారత సైన్యాన్ని పునర్‌వ్యవస్థీకరించారు. అంతకు ముందు పదాతి దళాలకు వందకు పైబడిన వరస సంఖ్యలుండేవి. వాటిని కలిపి 20 పెద్ద రెజిమెంట్లుగా కూర్చారు. ఉదాహరణకు ‘94వ రస్సెల్స్ ఇన్‌ఫాంట్రీ’ అన్న పేరు బ్యాడ్జీ మీద ఉంటే అది 1922కు పూర్వపుదే. ఆ ఏడాది అది 19వ హైదరాబాద్ రెజిమెంటులో భాగమైంది.

ఈ హైదరాబాద్ రెజిమెంటు కథ తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించేది. హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ 1813లో నిజాం సేవార్థం ఒక బ్రిగేడ్‌ను నెలకొల్పారు. హైదరాబాద్ కంటింజెంటు, అనంతరం 19వ హైదరాబాద్ రెజిమెంటు ఆ మూలం నుంచే రూపొందాయి. కాలక్రమంలో దక్కనీలకు బదులు కుమావ్ కొండ ప్రాంతీయులు, జాట్లు, అహీర్లు అందులో అధికంగా చేరారు. పేరు హైదరాబాద్‌ది, మనుషులు హిమాలయ సానువులవారు అయిన ఈ విచిత్ర స్థితికి 1945 అక్టోబర్ 27న తెరపడింది. ఆనాడు దానికి కుమావ్ రెజిమెంటు అని పేరు పెట్టారు. రస్సెల్ వంశ లాంఛనం నుంచి తీసుకున్న, శిలువ పట్టిన సింహం గుర్తు మాత్రం నేటికీ కుమావ్ సైనికుల బ్యాడ్జీ మీద నిలిచే ఉంది. 1947 నవంబర్ 3న కాశ్మీర్‌లోని బడ్గాంలో ప్రాణాలర్పించి, తొలి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ ఈ రెజిమెంటు నాలుగో బెటాలియన్ అధికారి. తరువాతి కాలంలో సర్వసైన్యాధిపతి అయిన జనరల్ తిమ్మయ్య రెండో ప్రపంచ యుద్ధంలో ఈ రెజిమెంటు బెటాలియన్‌కే నాయకత్వం వహించారు.

అందువల్ల ‘హైదరాబాద్’ అన్న అక్షరాలున్న బ్యాడ్జీ దొరకగానే దాన్ని నిజాం సొంత సైన్యానిదిగా భావించడం పొరపాటు. నిజాం రాష్ట్ర దళాలు వేరు, భారత సైన్యంలోని హైదరాబాద్ రెజిమెంటు వేరు. మొదటివి 1948 సెప్టెంబర్‌లో జరిగిన పోలీసు చర్యతో నిజాం చేతి నుంచి జారిపోయాయి. రెండోది అంతకు మూడేళ్ల ముందే పేరు మార్చుకుంది. ఈ రెంటిలో ఏదో తేల్చుకోకుండా రికార్డుల కోసం దరఖాస్తు చేస్తే ఉత్తరం తప్పుడు చిరునామాకే చేరుతుంది.

మద్రాస్ రెజిమెంటు చిహ్నం ఏనుగు. 1803 సెప్టెంబర్ 23న అస్సాయే యుద్ధంలో మద్రాస్ దళాలు చూపిన పరాక్రమానికి గుర్తింపుగా సంక్రమించిన గౌరవం అది. 1758 నాటి మూలాలు గల ఈ రెజిమెంటును మొదటి ప్రపంచ యుద్ధానంతరం క్రమంగా కుదించి, 1920వ దశకం చివరికి రద్దు చేశారు. దక్షిణాదివారు యుద్ధానికి తగరన్న నాటి పాలకుల ‘యోధ జాతుల’ సిద్ధాంతం ఇందుకు ప్రధాన కారణం. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకురావడంతో 1941లో దాన్ని పునరుద్ధరించక తప్పలేదు. ఈ విరామం కాలనిర్ణయానికి ఎంతో ఉపకరిస్తుంది. 1930వ దశకంలో సైన్యంలో ఉన్న తెలుగు యువకుడు మద్రాస్ పదాతి దళంలో ఉన్నాడని చెబితే సందేహించాలి. అతడు ఎక్కువగా మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్‌కు చెంది ఉండవచ్చు. 1780లో మొదలైన ఆ ఇంజనీరింగ్ దళానికి ఇటువంటి అంతరాయం కలగలేదు. దాని పేరుకు ముందు ‘క్వీన్ విక్టోరియాస్ ఓన్’ అన్న బిరుదు ఉండేది. భుజపట్టీ మీద ఆ బిరుదుకు సంకేతమైన ‘క్యూ వీ ఓ’ అక్షరాలు కనిపిస్తే అది బ్రిటిష్ పాలన నాటిదే. నేడు బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ దాని వారసురాలు.

హోదా పేర్లూ ఇదే విధంగా సహకరిస్తాయి. ‘జమాదార్’ అన్న హోదా 1965లో ‘నాయబ్ సుబేదార్’గా మారింది. వైస్రాయ్ కమిషన్డ్ అధికారులు స్వాతంత్ర్యానంతరం జూనియర్ కమిషన్డ్ అధికారులయ్యారు. సిపాయి, నాయక్, హవల్దార్ పేర్లు మాత్రం మారలేదు కాబట్టి వాటి ఆధారంగా తేదీ నిర్ణయించడం కుదరదు.

ఎర్ర డేగ ఏ యుద్ధానిది?

టోపీ మీది బ్యాడ్జీ రెజిమెంటును తెలుపుతుంది. భుజం మీది గుడ్డ ముక్క అంతకన్నా పెద్ద దళమైన డివిజన్‌ను తెలుపుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుకు దళం పేరు తెలియకుండా, స్వపక్షానికి మాత్రం గుర్తుండేటట్లు అక్షరాలు లేని బొమ్మలను వాడారు. ఎర్ర డేగ 4వ భారత డివిజన్‌ది. ఎర్రని బంతి 5వ డివిజన్‌ది. మూడు పసుపు ఆకులు 8వ డివిజన్‌ది. బంగారు బాణం 7వ డివిజన్‌ది. కోడిపుంజు 23వ డివిజన్‌ది. 1941లో సికింద్రాబాద్‌లో ఏర్పడి, 1945 మార్చిలో మాండలే నగరాన్ని స్వాధీనం చేసుకున్న 19వ డివిజన్‌ది బాకు పట్టిన చేయి.

బర్మాను తిరిగి జయించిన 14వ సైన్యానిది ఎర్రని డాలు మీద మొన కిందికి ఉన్న ఖడ్గం. ఖడ్గాన్ని తలకిందులుగా చూపడం లాంఛన సంప్రదాయానికి విరుద్ధం. బర్మాను ఉత్తరం నుంచి దక్షిణానికి జయించుకుంటూ రావలసి ఉన్నందునే అలా రూపొందించినట్లు సేనాని జనరల్ స్లిమ్ తన గ్రంథంలో వివరించారు.

కొన్ని డివిజన్లు మధ్యలో గుర్తు మార్చుకున్నాయి. 17వ డివిజన్ తొలుత మెరుపు తీగను ధరించి, 1942లో నల్ల పిల్లిని స్వీకరించింది. కాబట్టి ఆ డివిజన్ సైనికుడి భుజం మీద మెరుపు తీగ ఉంటే అది బర్మా నుంచి వెనుదిరిగిన విషాద దినాల నాటిది. నల్ల పిల్లి అయితే ఆ తరువాతిది.

అసలు చిక్కు మారని గుర్తులతో వస్తుంది. ఎర్ర డేగ 1941లో ఎరిత్రియాలోని కెరెన్ కొండల మీద, ఉత్తరాఫ్రికా ఎడారిలో, 1944లో ఇటలీలోని కాసినో వద్ద సైనికుల భుజాల మీద ఎగిరింది. స్వాతంత్ర్యానంతరం భారత సైన్యపు 4వ డివిజన్‌కూ అదే గుర్తు కొనసాగింది. 1962లో ఈశాన్య సరిహద్దులోని సేలా, బొమ్‌డిలా ప్రాంతాల్లో చైనా దాడిని ఎదుర్కొని దెబ్బతిన్నదీ ఆ డివిజనే. 1965లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ వద్ద పాకిస్థాన్ ట్యాంకులను నిలువరించి ఆ మచ్చను కడుక్కున్నదీ ఆ డివిజనే. డేగను మాత్రమే చూసి సంవత్సరం చెప్పబూనడం సాహసం. దాని పక్కన ఉన్న పతకాలను, హోదా చిహ్నాలను కలిపి చదివినప్పుడే కెరెన్ యోధుడెవరో, అసల్ ఉత్తర్ యోధుడెవరో తేలుతుంది.

ఫొటోలతో మరో ఇబ్బంది ఉంది. నలుపు తెలుపు చిత్రంలో రంగులు తెలియవు. పాతకాలపు ఫిల్ములలో కొన్ని ఎరుపును దాదాపు నల్లగా చూపేవి. నల్లని చదరం మీది ఎర్ర బంతి అటువంటి చిత్రంలో కనిపించకనే పోవచ్చు. కాబట్టి రంగు కన్నా ఆకారానికే ప్రాధాన్యమివ్వాలి.

రిబ్బన్లలో తేదీలు

కాలనిర్ణయానికి అన్నిటికన్నా నమ్మదగిన ఆధారం పతకాలు. ఎందుకంటే ఏ పతకానికి ఏ తేదీల మధ్య సేవ అవసరమో నిబంధనల్లో లిఖితమై ఉంటుంది. ఆఫ్రికా స్టార్‌కు 1940 జూన్ 10 నుంచి 1943 మే 12 వరకు, ఇటలీ స్టార్‌కు 1943 జూన్ 11 నుంచి 1945 మే 8 వరకు, బర్మా స్టార్‌కు 1941 డిసెంబర్ 11 నుంచి 1945 సెప్టెంబర్ 2 వరకు గడువులున్నాయి. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు చారలు వరసగా ఉంటే అది ఇటలీ స్టార్ రిబ్బను. నడుమ వెడల్పాటి ఎరుపు, దానికి ఇరువైపులా ముదురు నీలం, నారింజ చారలుంటే బర్మా స్టార్. రెండూ ఒకే సైనికుడి ఛాతీ మీద కనిపిస్తే అతడు రెండు రంగాల్లోనూ పనిచేసినట్లే. యుద్ధరంగానికి వెళ్లకుండా దేశంలోనే మూడేళ్లు సేవ చేసిన భారత దళాలవారికి ఇండియా సర్వీస్ మెడల్ ఇచ్చారు.

అధికార మార్పిడి సంధికాలానికి ప్రతీకగా నిలిచేది 1947 భారత స్వాతంత్ర్య పతకం. దాని రిబ్బను కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. పతకం ఒక వైపున అశోక చక్రం, దానిపై బ్రిటిష్ కిరీటం ఉంటాయి. ఒక యుగం ముగుస్తుండగా మరొకటి ఆరంభమవుతున్న ఘట్టం ఆ చిన్న లోహపు బిళ్ల మీద అచ్చుపడింది. పాకిస్థాన్ తన సైనికులకు వేరే పతకం జారీ చేసింది.

గణతంత్ర భారత పతకాలలో 1965 యుద్ధానికి సమర సేవా స్టార్, 1971 యుద్ధానికి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, 1999 కార్గిల్ యుద్ధానికి ఆపరేషన్ విజయ్ స్టార్ ముఖ్యమైనవి. పూర్వీ స్టార్ బంగ్లాదేశ్ రంగానికి, పశ్చిమీ స్టార్ పడమటి సరిహద్దుకు సంబంధించినవి. సామాన్యంగా ఎవరూ పట్టించుకోని వార్షికోత్సవ పతకాలు కాలనిర్ణయంలో విశేషంగా తోడ్పడతాయి. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవ పతకం, 1997లో స్వర్ణోత్సవ పతకం, 2022లో 75వ వార్షికోత్సవ పతకం ఆయా సందర్భాల్లో సర్వీసులో ఉన్నవారికి ఇచ్చారు. 9, 20, 30 ఏళ్ల దీర్ఘ సేవా పతకాలు సర్వీసు నిడివిని తెలుపుతాయి. రజతోత్సవ పతకం, 20 ఏళ్ల పతకం ఉండి, స్వర్ణోత్సవ పతకం లేకపోతే ఆ సైనికుడు 1972లో సర్వీసులో ఉండి, కనీసం రెండు దశాబ్దాలు పనిచేసి, 1997కు ముందే విరమించినట్లు ఊహించవచ్చు.

ఫొటోల విషయంలో పరిశోధకులు పాటించే సూత్రం సరళమైనది. సైనికుడి ఒంటి మీద ఉన్నవాటిలో అన్నిటికన్నా కొత్తది ఏదో చూడాలి. అది ఉనికిలోకి వచ్చిన తేదీకి ముందు ఆ ఫొటో తీసి ఉండటం అసాధ్యం. దీనికి విపర్యయం మాత్రం నిజం కాదు. ఒక పతకం కనిపించనంత మాత్రాన అది అతనికి రాలేదనడానికి వీల్లేదు. యుద్ధం ముగిసిన ఎన్నో ఏళ్లకు పతకాలు చేతికందిన సైనికులు అనేకులు.

పతకం అంచును భూతద్దంతో చూడటం మరవకూడదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి పతకాల అంచున సైనికుడి సంఖ్య, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. ఇంటిల్లిపాదీ దశాబ్దాలుగా చూస్తూ వచ్చిన పతకం మీదనే కావలసిన సమాచారమంతా ఉండవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం నాటి స్టార్లలో అనేకం పేరు లేకుండానే జారీ అయ్యాయి. పేరు లేని పతకం ఎవరి పెట్టెలో ఉంటే వారిదన్న భరోసా లేదు.

ఒకే చిహ్నం, మూడు దేశాలు

1947లో దేశంతో పాటు సైన్యమూ చీలింది. స్థూలంగా మూడింట రెండు వంతుల దళాలు భారత్‌కు, ఒక వంతు పాకిస్థాన్‌కు దక్కాయి. 2వ పంజాబ్ రెజిమెంటు భారత్‌కు వచ్చి పంజాబ్ రెజిమెంటు అయింది. సముద్రాలు దాటి సేవ చేయడానికి ముందుకొచ్చిన సైనికుల స్మృతిగా తెడ్ల ఓడ గుర్తు దానికి మిగిలింది. 1వ, 14వ, 15వ, 16వ పంజాబ్ రెజిమెంట్లు పాకిస్థాన్‌కు వెళ్లి, 1956లో కలిసి అక్కడా పంజాబ్ రెజిమెంటుగానే ఏర్పడ్డాయి. పేరు ఒకటే, దేశాలు రెండు. పాకిస్థాన్ 1956 మార్చి 23న గణతంత్రం కావడంతో అక్కడి చిహ్నాల్లో కిరీటం స్థానాన్ని నెలవంక, నక్షత్రం ఆక్రమించాయి. కిరీటం నిష్క్రమణ భారత్‌లో 1950 నాటిది కాగా, అక్కడ ఆరేళ్లు ఆలస్యమైందన్నమాట.

పెద్దపులి గుర్తు గల ఈస్ట్ బెంగాల్ రెజిమెంటు 1948లో పాకిస్థాన్ సైన్యంలో పుట్టింది. 1965లో ఆ దళం లాహోర్ రంగంలో భారత్‌పై పోరాడింది. 1971లో అదే దళం తిరుగుబాటు చేసి బంగ్లాదేశ్ విముక్తికి నడుం కట్టింది. గుర్ఖాల విషయంలో పది రెజిమెంట్లలో నాలుగు బ్రిటన్‌కు, ఆరు భారత్‌కు వచ్చాయి. 1948లో భారత్ 11వ రెజిమెంటును నెలకొల్పింది. భారత దళాలు ‘గుర్ఖా’ అన్న ఆంగ్ల ఉచ్చారణను విడిచి ‘గోర్ఖా’ అని రాసుకోసాగాయి. ఎదురెదురుగా ఉన్న రెండు ఖుక్రీల గుర్తు అందరికీ ఉమ్మడి కాబట్టి, సంఖ్యతో పాటు ఈ ఒక్క అక్షరం తేడా కూడా దళం జాడ చెబుతుంది.

మరింత సున్నితమైనది ఆజాద్ హింద్ ఫౌజ్ అంశం. సింగపూర్ పతనానంతరం జపాన్‌కు బందీలైన వేలాది భారత సైనికులు నేతాజీ సైన్యంలో చేరారు. లంఘిస్తున్న పులి వారి చిహ్నమైంది. 1945 చివర ఎర్రకోట విచారణను ఎదుర్కొన్న షానవాజ్ ఖాన్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్ మునుపు 14వ పంజాబ్ రెజిమెంటు అధికారులు, ప్రేమ్ సెహగల్ 10వ బలూచ్ అధికారి. అంటే ఒకే మనిషి జీవితంలో రెండు పరస్పర విరుద్ధ చిహ్నాలు. 1972లో ప్రారంభమైన స్వాతంత్ర్య యోధుల కేంద్ర పింఛను పథకం ఫౌజ్ సైనికులను కూడా పరిధిలోకి తీసుకుంది. పులి బ్యాడ్జీ చూపినంత మాత్రాన పింఛను లభించలేదు, నిర్బంధంలో ఉన్నట్లు ఆధారం అవసరమైంది. మునుపటి రెజిమెంటు ఏదో తెలియడం ఆ ఆధారానికి ఒక మార్గమైంది.

నకిలీలు, నిజాలు

గౌరవం ఉన్నచోట దొంగగౌరవం కూడా ఉంటుంది. పాత బ్యాడ్జీలకు, పతకాలకు సేకరణదారుల మార్కెట్ ఏర్పడడంతో కొత్తగా పోతపోసినవి పాతవాటి పేరుతో చలామణీ అవుతున్నాయి. తనకు లేని సర్వీసును చాటుకునేందుకు వాటిని తగిలించుకునేవారూ లేకపోలేదు. సైనికుడు కానివాడు, తనను సైనికుడిగా నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులను గాని చిహ్నాలను గాని ధరిస్తే శిక్షార్హుడు. మునుపు భారత శిక్షాస్మృతి 140వ సెక్షన్ కింద ఉన్న ఈ నేరం, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కిందికి వచ్చింది. మూడు నెలల వరకు జైలు, లేదా 2 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఉద్దేశమే ఇందులో కీలకం. తాత పతకాన్ని భద్రపరచుకున్న మనుమడికి, చరిత్రాభిలాషతో సేకరించేవాడికి ఇది వర్తించదు.

అనుమానం కూడా హద్దు దాటరాదు. పోగొట్టుకున్న పతకానికి బదులు మరొకటి తీసుకున్న సైనికులున్నారు. పదవీ విరమణ అనంతరం కవాతుల కోసం కొత్త బ్యాడ్జీ కుట్టించుకున్నవారున్నారు. యుద్ధకాలంలో కంటోన్మెంట్ బజారు దర్జీలు చేత్తో కుట్టిన గుర్తులు ఒకదానితో మరొకటి పోలి ఉండవు. కొత్తగా కనిపించినంతనే నకిలీ అని, కుట్టు వంకరగా ఉన్నంతనే దొంగదని ఒక వృద్ధుణ్ణి నిలదీయడం అన్యాయం. చిహ్నం ప్రామాణికతను, మనిషి ప్రామాణికతను వేర్వేరుగా విచారించాలి.

రికార్డులో కలిసినప్పుడే

బ్యాడ్జీ చూపిన దారి చివరికి రికార్డు గది తలుపు దగ్గర ఆగాలి. రెజిమెంటు తేలాక ఆ రెజిమెంటు రికార్డు కార్యాలయాన్ని, జిల్లా సైనిక సంక్షేమ అధికారిని సంప్రదించడం, మృతుల విషయంలో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలను చూడడం తరువాతి మెట్లు. రికార్డులు బయటపడితే ఎంత మేలు జరుగుతుందో పంజాబ్ అనుభవం చాటుతోంది. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన సుమారు 3 లక్షల 20 వేల మంది పంజాబీ సైనికుల వివరాలను గ్రామాల వారీగా నమోదు చేసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దాదాపు శతాబ్దం పాటు మరుగునపడి ఉన్నాయి. 2021లో వాటిలో మూడు జిల్లాలవి బహిరంగ పరిశీలనకు అందుబాటులోకి రావడంతో, సరిహద్దుకు రెండు వైపుల వారూ తమ పూర్వీకుల పేర్లు వెదుక్కోగలిగారు.

అటువంటి రిజిస్టరు అందుబాటులో లేని ఇంటికి ఆ ఇంటి పెట్టెయే రిజిస్టరు. అందువల్ల అందులోని వస్తువులను శుభ్రం చేసే ఉత్సాహంలో ఇత్తడిని తోమి అంచున ఉన్న అక్షరాలను అరగదీయకపోవడం, రిబ్బన్లను విడదీయకపోవడం, ఫొటో వెనుక స్టూడియో ముద్రను కాపాడడం, బ్రతికున్న పెద్దలు చెప్పిన ఊర్ల పేర్లను అప్పటికప్పుడు రాసిపెట్టడం కనీస కర్తవ్యాలు. 1971లో ఇరవై ఏళ్ల జవాన్లుగా ఉన్నవారు సైతం ఇప్పుడు డెబ్బై దాటారు. రెండో ప్రపంచ యుద్ధ సైనికుల విషయంలో జరిగిన జాప్యం వీరి విషయంలో పునరావృతం కాకూడదు.

కిరీటం పోయి సింహాలు వచ్చాయి. హైదరాబాద్ కుమావ్ అయింది. జమాదార్ నాయబ్ సుబేదార్ అయ్యాడు. ఈ మార్పులన్నీ ఢిల్లీలో, లండన్‌లో జరిగిన నిర్ణయాల ఫలితాలు. వాటి ముద్రను తన టోపీ మీద, భుజం మీద మోసినవాడు మాత్రం ఏ మారుమూల గ్రామం నుంచో వచ్చిన సామాన్యుడు. ఆ ముద్రను సరిగా చదివి, అతడి పేరును అతడి దళంతో, అతడి సంవత్సరంతో తిరిగి కలపడమే అతడికి ఆలస్యంగానైనా దక్కవలసిన గౌరవం.